మూడక్షరాలు, రెండంకెలు

నవంబరు చివర్లో సూర్యుడు కొండ వెనక్కి వెళ్ళాడంటే
ఇసాఫ్యోర్దుర్‌లో మళ్ళీ ముఖం చూపించేది
జనవరి ఇరవై అయిదుకే.
ఆ రెండు నెలలూ నా బల్ల మీద
ఒక దీపం, చల్లారిన కాఫీ,
ఇంకొకరి సిద్ధాంత గ్రంథం.

వాళ్ళు ఆలోచిస్తారు, నేను సర్దుతాను.
పేరాకీ పేరాకీ మధ్య ఎంత ఊపిరి,
బొమ్మ కింద మాట ఎంత చిన్నది,
ఆఖర్న, ఎవరూ తెరవని పేజీల్లో
ఎవరి దగ్గర ఏం అప్పు తెచ్చుకున్నారో
ఆ పద్దు.

ఈసారి గ్రంథం రాతిపువ్వుల మీద.
రాసినమ్మాయి హిల్దుర్.

ఎక్కడో పరాయిదేశంలో ఎవరో రాసిన సూత్రం
ప్రతి ఆకరం మెడలో ఒక బిళ్ళ కడుతుంది:
చివరి పేరులో మూడక్షరాలు, ఏడాదిలో రెండంకెలు,
అటొక బ్రాకెట్టు, ఇటొక బ్రాకెట్టు.
దానికి ఇంటిపేర్లు తెలుసు.
మాకు ఇంటిపేర్లు లేవని తెలీదు.
మా పేరు వెనకాల నిలబడేది నాన్న.
కెటిల్ కూతురు, ఇస్లేవుర్ కొడుకు, అంతే.
మా ఫోన్ పుస్తకంలో మంత్రిగారైనా
మొదటి పేరుతోనే వరసలో నిలబడాలి.

సూత్రం నడిపాను.
సోల్‌వేగ్ కెటిల్స్‌దోత్తిర్,
పద్ధెనిమిదేళ్ళు పడవెక్కి, పడవ దిగి
దీవి దీవిలో రాళ్ళ ముందు మోకరిల్లిన మనిషి,
[కెట్94ఎ] అయి బయటికొచ్చింది.
ఉప్పుగాలి లెక్కలు రాసినావిడ
ఇంకో ఊరి ఇంకో కెటిల్ కూతురు.
ఇద్దరూ ఒకర్నొకరు చూసి ఎరగరు.
సూత్రం వాళ్ళని అక్కచెల్లెళ్ళని చేసి
ఎ, బి అని తోకలు తగిలించింది.
ఆ కెటిల్‌లు ఇద్దరూ
ఒక్క రాయినైనా వంగి చూశారో లేదో.

శైలి ఫైలు తెరిచాను.
వెనకనుంచి చదివితే గాని అర్థం కాని భాష,
ఒక్క కుండలీకరణం తప్పితే మూతి ముడుచుకుంటుంది.
చెయ్యాల్సింది ఒక అక్షరం తీసి
ఒక అక్షరం పెట్టడం.
మూడు రోజులు పట్టింది.

మొదటిసారి నడిపితే
పేజీ నిండా ప్రశ్నార్థకాలే.
కంగారు పడకూడదు. రెండోసారి నడపాలి, మూడోసారి.
మనుషుల్ని గుర్తుపట్టడానికి
యంత్రానికైనా కాస్త వ్యవధి కావాలి.

అప్పుడొచ్చింది: [సోల్94].
సోల్ అంటే మా భాషలో సూర్యుడు.
నాకు తెలీకుండానే కిటికీ వైపు చూశాను.
నల్లగానే ఉంది.

సాయంత్రం హిల్దుర్ తనే వచ్చింది, బూట్ల నిండా మంచు.
జాబితా మీద వేలు దించుకుంటూ పోయి
ఒకచోట ఆగింది.
[హిల్21]. తనదే, నాలుగు పేజీల చిన్న వ్యాసం.
"ఇదొక్కటీ పాత సూత్రంలోనే ఉంచగలవా?"

అప్పుడు చూశాను దాని పక్కన పూర్తి పేరు.
హిల్దుర్ సోల్‌వేగర్‌దోత్తిర్.
అక్కడ నాన్న లేడు. అమ్మ ఉంది.
ఎందుకని నేనడగలేదు.
ఈ ఊళ్ళో అలాంటివి అడగరు,
కాఫీ పోస్తారు.

ఒక జాబితాకి ఒకే నియమం అని
నేనే కొత్తవాళ్ళకి నేర్పుతాను.
మూడు రోజులు కూర్చుని
అందర్నీ తండ్రుల చేతుల్లోంచి విడిపించిన నేను
ఒకర్ని తల్లి చెయ్యి పట్టుకోనివ్వడానికి
ఆ ఒక్క బిళ్ళనీ చేత్తో రాశాను.

[సోల్94]
[సోల్21]

ఒకదాని కింద ఒకటి. మధ్యలో ఎవరూ లేరు.
రేపు పరీక్షకుడెవరో
ఇది పొరపాటనుకుని ఎర్రసిరాతో గీత పెడతాడు.
పెట్టనీ.

ఇరవై అయిదున ఆకాశం మూసుకునే ఉంది.
అయినా రివాజు ప్రకారం పాన్‌కేకులు కాల్చుకున్నాం.
హిల్దుర్ వాళ్ళమ్మ కూడా వచ్చింది.
పొడుగాటి మనిషి, మోకాళ్ళు పట్టేసినట్టున్నాయి,
పంచదార చల్లుకుని
నిలబడే తిన్నది.